పూడుల్ క్రాస్ కుక్కపిల్ల తీసుకుందామనుకుంటున్నాం: మన ఎండలకు, మా అత్తమ్మ ఆయాసానికి సరిపోతుందా?

రాంనగర్ కోడలు (ఫిబ్రవరి 9, రాత్రి 9:10)
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆయన, అత్తమ్మ, పదేళ్ల పాప, ఏడేళ్ల బాబు. నేను పని నుంచి సాయంత్రం నాలుగున్నరకు వస్తాను, పగలు అత్తమ్మ ఇంట్లోనే ఉంటుంది. పిల్లలు రెండేళ్లుగా కుక్కపిల్ల కావాలని అడుగుతున్నారు. అత్తమ్మకూ కుక్కలంటే ఇష్టమే. కానీ ఆమెకు దుమ్ము పడదు, చలికాలం ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడుతుంది. ఆ భయంతోనే ఇన్నాళ్లూ ఆగాం.

ఈ మధ్య ఇన్‌స్టాలో లాబ్రడూడుల్ అని ఒకటి చూశాను. లాబ్రడార్‌కీ, ఉంగరాల జుట్టుండే పూడుల్ అనే జాతికీ పుట్టినదట. జుట్టు రాలదు, అలర్జీ రాదు, పిల్లలతో బాగుంటుంది అని రాశారు. అమ్మేవాళ్లది బెంగళూరు, రైల్లో పంపిస్తామంటున్నారు. 55 వేలు, సగం ముందే వేయాలి. పిల్ల వయసు 35 రోజులు. రేపు సాయంత్రంలోపు చెప్పకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తారట. తెలిసినవాళ్లు ఏమంటారు?

నక్కలగుట్ట (ఫిబ్రవరి 9, రాత్రి 9:32)
అక్కా, దయచేసి డబ్బు వేయకండి. పోయినేడు నేను ఇలాగే ఒక మాల్టీపూ (మాల్టీస్, పూడుల్ క్రాస్) తెప్పించాను. 45 రోజుల పిల్ల అన్నారు. స్టేషన్‌లో బుట్ట తెరిస్తే అరచేతిలో పట్టేంత ఉంది, వణుకుతోంది. మొదటిరోజు పాలు తాగింది. మూడోరోజు వాంతులు, నాలుగోరోజు రక్తం విరేచనాలు, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించినా దక్కలేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే నంబర్ బ్లాక్ చేశారు. మా చెల్లి వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

రేపటిలోపు చెప్పాలి అన్నారంటేనే అనుమానించాలి. తల్లిని వీడియో కాల్‌లో చూపించమని అడగండి, ఏమంటారో చూడండి.

పశువైద్యుడు కోరుట్ల (ఫిబ్రవరి 9, రాత్రి 10:15)
నక్కలగుట్ట గారూ, మీ బాధ అర్థమైంది. ఇలాంటి కేసు ప్రతి సీజన్‌లో నా బల్ల మీదికి వస్తుంది. పార్వో పిల్లలోకి చేరాక లక్షణాలు బయటపడటానికి నాలుగు రోజుల నుంచి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే కొన్నరోజు హుషారుగా ఉన్న పిల్ల ఇంటికొచ్చాక పడిపోతుంది.

మేడమ్, 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నియమాలు తెచ్చింది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి. 35 రోజులంటే ఐదు వారాలే. అప్పటికి పిల్ల తల్లిపాలు పూర్తిగా మాని ఉండదు, టీకా పడి ఉండదు. తోబుట్టువులతో ఆడుతూ కొరికితే ఎంత నొప్పి పుడుతుందో నేర్చుకునే వయసు కూడా అదే. ముందే విడదీసిన కుక్కపిల్లలు ఇంట్లో పిల్లల చేతులు గట్టిగా కొరుకుతాయి.

ఇంకో మాట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా శుద్ధమైన జాతులకే పేపర్లు ఇస్తుంది, క్రాస్‌లకు ఇవ్వదు. "కేసీఐ పేపర్లున్న లాబ్రడూడుల్" అని ఎవరైనా చెబితే అది అబద్ధం. తల్లికీ తండ్రికీ విడివిడిగా పేపర్లు ఉండొచ్చు, అవి అడగండి. వాటితోపాటు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, కళ్ల పరీక్ష అడగండి. లాబ్రడార్‌కూ పూడుల్‌కూ రెండింటికీ తుంటి కీలు వదులయ్యే జబ్బు, క్రమంగా చూపు పోయే జబ్బు ఉన్నాయి. క్రాస్ చేస్తే జబ్బులు రావని చెప్పడం నిజం కాదు. రెండువైపులా ఉన్న జబ్బు పిల్లకూ రావచ్చు.

రాంనగర్ కోడలు (ఫిబ్రవరి 10, ఉదయం 6:50)
రాత్రే వాళ్లకు మెసేజ్ పెట్టాను, తల్లిని చూపించమని. "తల్లి వేరే ఫామ్‌లో ఉంది మేడమ్" అన్నారు. వద్దని చెప్పేశాను. అందరికీ థాంక్స్.

కానీ అలర్జీ సంగతి ఎవరూ చెప్పలేదు. పూడుల్ రక్తం ఉంటే అలర్జీ రాదనేది నిజమేనా? నాకు అసలు టెన్షన్ అదే.

మానేరు తీరం (ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:20)
నమస్తే చెల్లీ. మాది కరీంనగర్. మా ఇంట్లో ఐదేళ్ల కాకపూ ఉంది, కాకర్ స్పానియల్, పూడుల్ క్రాస్. ఇది తీసుకోకముందు నేను మస్తు చదివాను.

లాబ్రడూడుల్‌కు పేరొచ్చింది ఆస్ట్రేలియాలో. అంధులకు తోడుగా ఉండే కుక్కల్ని తయారుచేసే సంస్థలో వాలీ కాన్రాన్ అనే ఆయన పనిచేసేవారు. హవాయిలో చూపులేని ఒకామెకు కుక్క కావాలి, ఆమె భర్తకేమో కుక్కలు పడవు. జుట్టు రాలని పూడుల్‌ని, పని నేర్చుకునే లాబ్రడార్‌ని కలిపి 1989లో పిల్లల్ని తీశారు. పుట్టినవి మూడు. వాటి జుట్టు, లాలాజలం హవాయికి పంపి చూస్తే, ఆ భర్తకు పడింది మూడింటిలో ఒక్కటే! ఒకే ఈత పిల్లల్లోనే అంత తేడా. అదే కాన్రాన్ 2019లో, తాను మొదలుపెట్టింది ఇలా వ్యాపారమైపోయినందుకు చింతిస్తున్నానని ఆస్ట్రేలియా ఏబీసీ వాళ్లకు చెప్పారు. అమ్మేవాళ్లు ఈ కథలో మొదటి సగమే చెబుతారు.

మా ఇంట్లో మా బాపుకు తుమ్ములుండేవి. మా కుక్కతో ఏమీ కాలేదు. మా ఆడపడుచు వస్తే మాత్రం అరగంటలో ఆమె కళ్లు ఎర్రబడతాయి. కుక్క ఒకటే, మనుషులు వేరు.

పశువైద్యుడు కోరుట్ల (ఫిబ్రవరి 10, సాయంత్రం 5:40)
సరిగ్గా చెప్పారు. అలర్జీ పుట్టించేది జుట్టు కాదు, కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉండే ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైనదాన్ని క్యాన్ ఎఫ్ 1 అంటారు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2012లో పూడుల్, లాబ్రడూడుల్ వంటి "అలర్జీ రాని" కుక్కల జుట్టునూ మామూలు కుక్కల జుట్టునూ పోల్చారు. ఈ ప్రోటీన్ వీటిలో తక్కువగా ఉన్నట్టు తేలలేదు. జుట్టు రాలకపోతే ఇల్లంతా చెదరడం కొంత తగ్గవచ్చు, అంతే.

ఆయాసం ఉన్న మనిషి విషయంలో ఊహల మీద వెళ్లొద్దు. ముందు మీ అత్తమ్మను ఛాతీ డాక్టర్‌కు చూపించి, అలర్జీ చర్మ పరీక్ష చేయించండి. దుమ్ము పురుగుకే పడదా, కుక్కకు కూడా పడదా అనేది తెలుస్తుంది. తర్వాత పెద్దదైన కుక్క దగ్గర నాలుగైదుసార్లు గంటసేపు కూర్చోబెట్టండి. చిన్న పిల్లతో పరీక్షిస్తే లాభం లేదు, దాని జుట్టు ఏడాదిలోపు మారిపోతుంది.

జగిత్యాల మాస్టారు (ఫిబ్రవరి 10, రాత్రి 8:05)
అమ్మా, పెద్దవాడిగా ఒక మాట. మన ఊళ్లలో పుట్టిన కుక్క మన ఎండకు, మన నీళ్లకు పుట్టింది. పొట్టి జుట్టు, తక్కువ జబ్బులు, పెట్టింది తింటుంది. మా ఇంట్లో పదమూడేళ్లు బతికిన రాముడు వీధిలో దొరికినవాడే. మా మనవలు వాడి మీద పడుకుని చదువుకున్నారు. 55 వేలు పెట్టి ఉన్ని కోటు తొడుక్కున్న కుక్కను తెచ్చి రోహిణి కార్తెలో దాన్ని ఎలా ఉంచుతారు? రోళ్లు పగిలే ఎండలమ్మా అవి.

రాంనగర్ కోడలు (ఫిబ్రవరి 10, రాత్రి 8:40)
మీ మాట నిజం మాస్టారూ. నాకూ మొదట అదే ఆలోచన. కానీ మా తమ్ముడి ఇంట్లో నాటు కుక్క ఉంది, అక్కడికి వెళ్తే అత్తమ్మకు పిల్లికూతలు వస్తాయి. జుట్టు రాలనిదైతే ఒక అవకాశం అనుకున్నాను.

కాజీపేట కత్తెర (ఫిబ్రవరి 11, ఉదయం 11:15)
నేను ఎనిమిదేళ్లుగా కుక్కలకు జుట్టు కత్తిరించే పని చేస్తున్నాను. "జుట్టు రాలదు" అనే మాట విని సంతోషపడేవాళ్లను రోజూ చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రాలని జుట్టు ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. ఊడిన వెంట్రుక పక్క వెంట్రుకలోనే చిక్కుకుంటుంది. దువ్వకపోతే వారంలో ఉండ, నెలలో అట్ట. పోయిన వర్షాకాలం ఒక గోల్డెన్‌డూడుల్‌ను (గోల్డెన్ రిట్రీవర్, పూడుల్ క్రాస్) తెచ్చారు, పదినెలల వయసు. పైనుంచి చూస్తే బొమ్మలా మెత్తగా ఉంది. వేలు పెట్టి జుట్టు పాయ తీద్దామంటే వేలు చర్మం దాకా దిగలేదు. పైపైన రోజూ బ్రష్ చేస్తున్నామన్నారు, అబద్ధం కాదు, కానీ బ్రష్ లోపలికి పోలేదు. మిషన్ పెడితే వీపు మీది జుట్టంతా గొంగడి ముక్కలా ఒకే అట్టగా లేచి వచ్చింది. దాని కింద చర్మం ఎర్రగా, తడిగా ఉంది. చంకలో రెండు పల్లేరు కాయలు దిగబడి ఉన్నాయి. అది ఎన్నాళ్లు కుంటుతూ నడిచిందో. నేను చేస్తున్నంతసేపూ కదలకుండా నిలబడింది. ఆ ఇంటావిడ ఏడ్చేశారు.

కాబట్టి కుక్క కంటే ముందు దువ్వెన కొనండి. పళ్లు వంగిన స్లిక్కర్ బ్రష్ ఒకటి, స్టీల్ దువ్వెన ఒకటి. జుట్టును ఒక చేత్తో పైకి పట్టి, కింద చర్మం గీతలా కనిపించేలా పాయ తీసి, ఆ గీత నుంచి కిందికి దువ్వాలి. మళ్లీ అంగుళం పైన ఇంకో గీత. చివర స్టీల్ దువ్వెన చర్మం నుంచి కొస దాకా ఆగకుండా రావాలి. ఆగిందంటే అక్కడ ఉండ ఉన్నట్టే. చెవుల వెనుక, చంకల్లో, మెడపట్టీ కింద, తొడల లోపల, తోక కింద రోజూ చూడాలి. ఉండ ఉండగా స్నానం చేయిస్తే అది బిగుసుకుని ఇక విడదు. ముందు దువ్వాలి, తర్వాతే నీళ్లు.

రోజుకు పావుగంట. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరింపు. నా దగ్గర కాకపూకు 1,200, పెద్ద డూడుల్‌కు 2,000 దాకా అవుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వచ్చేటప్పుడు రోజుకు రెండుసార్లు దువ్వినా తక్కువే. చాలామంది ఆ నాలుగు నెలల్లోనే చేతులెత్తేస్తారు.

ఖని తమ్ముడు (ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 3:30)
కత్తెరన్న చెప్పింది అక్షరాలా నిజం. మాది గోదావరిఖని, సింగరేణి క్వార్టర్స్. మా లాబ్రడూడుల్‌కు నాలుగేళ్లు, 27 కిలోలు. నాకు అర్థమైంది రెండు విషయాలు.

ఒకటి ఎండ. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు. ఉదయం ఐదున్నరకే తిప్పుతాను, మళ్లీ రాత్రి ఎనిమిది తర్వాతే. బయలుదేరే ముందు అరచేతి వెనుకభాగం రోడ్డు మీద పెట్టి ఏడు అంకెలు లెక్కపెడతాను. చెయ్యి ఆగకపోతే దాని పాదాలు కూడా ఆగవు. పగలు కూలర్ ముందు, బండల మీద పడుకుంటుంది. తడి గోనెసంచి వేస్తే దాని మీదే పొద్దంతా.

రెండు గోమార్లు, మీవైపు పిడుదులంటారేమో. పోయిన సెప్టెంబర్‌లో మా వాడు రెండు రోజులు తినలేదు. జుట్టు ఒత్తుగా ఉంది కదా, ఏమీ కనిపించలేదు. పాదం తిప్పి వేళ్ల మధ్య చూస్తే శెనగగింజంతది ఒకటి, చెవి లోపలి మడతలో మిరియాల్లాంటివి వరసగా. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, గోమార్లు కుట్టి వచ్చే ఎర్లికియా జబ్బు అన్నారు. నాలుగు వారాలు మందులు. బతికాడు, కానీ బరువు తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది.

పశువైద్యుడు కోరుట్ల (ఫిబ్రవరి 11, రాత్రి 9:00)
పిడుదుల జ్వరం మన జిల్లాల్లో ఏడాది పొడవునా ఉంటుంది, వానలయ్యాక ఇంకా ఎక్కువ. తినకపోవడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కునుంచి రక్తం, పొట్ట మీద చిన్న ఎర్ర చుక్కలు. ఇందులో ఏది కనిపించినా అదేరోజు తీసుకురండి. నెలకోసారి వేసే మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందు ఉన్నాయి, బరువును బట్టి మీ డాక్టరే చెప్పాలి. ఈ పిడుదు గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో గుడ్లు పెడుతుంది కాబట్టి ఇంటిని కూడా శుభ్రం చేయాలి. పశువులకు కొట్టే పిడుదుల మందు కుక్కకు అంచనాగా కలిపి పూసేవాళ్లున్నారు. దానివల్ల వణుకు, మూర్ఛ వచ్చి తెచ్చినవాటిని చూశాను. అలా చేయకండి.

చెవుల గురించి కూడా రాస్తాను. పూడుల్‌కు చెవి లోపల జుట్టు పెరుగుతుంది, కాకర్‌కు చెవి వేలాడుతుంది. రెండూ కలిస్తే గాలి ఆడదు. స్నానం తర్వాత దూదితో చెవి బయటి మడతలు పొడిగా తుడవండి. కొబ్బరినూనె పోయొద్దు, ఇయర్ బడ్ లోపలికి నెట్టొద్దు. తల విదిలిస్తూ, చెవిలో పులిసిన వాసన వస్తే చూపించండి.

టీకాలు: ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్, ఏటా ఒకటి. వరంగల్ వాళ్లకు మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, మావైపు వాళ్లకు కోరుట్లలో ఉంది.

నక్కలగుట్ట (ఫిబ్రవరి 12, ఉదయం 8:10)
ఎండాకాలం మొత్తం జుట్టు గీసేస్తే ఈ బాధలన్నీ పోవా అన్నా?

కాజీపేట కత్తెర (ఫిబ్రవరి 12, ఉదయం 10:30)
గుండు చేయొద్దు తమ్ముడూ. చర్మం నేరుగా ఎండకు కాలుతుంది, దోమలు, ఈగలు కుడతాయి. అర అంగుళం ఉంచి సమంగా కత్తిరిస్తే గాలి ఆడుతుంది, పిడుదు కూడా కనిపిస్తుంది. నేను శివరాత్రి దాటగానే అందరికీ అలాగే చేస్తాను. ఆ పొడవుకు దువ్వడం కూడా సులువు. ఇన్‌స్టా బొమ్మలా ఉండదు, అంతే.

నిర్మల్ బొమ్మ (ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:45)
చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి తిండి గురించి ఒకటి చెప్పాలి. మా పూడుల్ క్రాస్ రెండేళ్ల కింద మామిడి టెంక మింగింది. పిల్లలు తిని గిన్నెలో వేశారు, అది తీపి కోసం నాకి నాకి గుటుక్కున మింగేసింది. రెండు రోజులు వాంతులు, కడుపు కోసి తీయాల్సి వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో టెంకలన్నీ మూతున్న డబ్బాలో వేయాలి, మా చిన్నవాడికి కూడా అలవాటైంది.

కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ అస్సలు వద్దు. పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని పండుగరోజు మర్చిపోతాం. ఉడికించిన ఎముకలు చీలికలై పేగుకు గుచ్చుకుంటాయి. మనకు వేసుకునే జ్వరం, నొప్పుల మాత్రలు దానికి ఇవ్వొద్దు.

పూడుల్ నీళ్లలో పడ్డ పక్షుల్ని తెచ్చే వేటకుక్క, బుర్ర చాలా చురుకు. ఒంటరిగా ఉంచితే చెప్పులు, దిండ్లు, ఆఖరికి స్విచ్‌బోర్డు వైరు కూడా. మీరు నాలుగున్నరకు వస్తారు, అత్తమ్మ పగలు ఇంట్లో ఉంటారు కాబట్టి కొంత నయం.

మానేరు తీరం (ఫిబ్రవరి 12, రాత్రి 7:20)
చెల్లీ, ఇవి పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతాయి. రెండో తరగతి చదివే మీ బాబు ఇంజినీరింగ్‌లో చేరేదాకా అది మీ ఇంట్లో ఉంటుంది. పిల్లలు మొదటి ఆర్నెల్లు దువ్వుతారు, తర్వాత ట్యూషన్లు, పరీక్షలు. దువ్వేది ఎవరో ఇప్పుడే తేల్చుకోండి.

అత్తమ్మను తీసుకుని ఒక ఆదివారం మా ఇంటికి రండి. మా కుక్క ముందు కూర్చోబెట్టండి. భోజనం మా ఇంట్లోనే.

రాంనగర్ కోడలు (మార్చి 3, రాత్రి 9:45)
ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి. ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. చర్మ పరీక్షలో దుమ్ము పురుగుకు గట్టిగా, కుక్కకు కొద్దిగా వచ్చింది. జాగ్రత్తగా ప్రయత్నించవచ్చు, ఆయాసం పెరిగితే ఆపేయాలి, ఆమె పడకగదిలోకి కుక్క రాకూడదు అన్నారు.

రెండు ఆదివారాలు కరీంనగర్ వెళ్లాం. అక్కా, మీ సర్వపిండి మా అత్తమ్మ ఇంకా తలుచుకుంటోంది. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి మీ కుక్కను ఒళ్లో పెట్టుకుని, అదే చేత్తో కళ్లు తుడుచుకుంది, దురద వచ్చింది. చేతులు కడుక్కుంటే తగ్గింది. ఆయాసం రాలేదు.

ఇప్పుడు పిల్లను ఎక్కడ వెతకాలో తెలియడం లేదు.

కాజీపేట కత్తెర (మార్చి 4, ఉదయం 9:05)
మేడమ్, పిల్లే కావాలా? నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం జూన్‌లో విదేశం వెళ్తోంది. వాళ్ల కాకపూకు మూడేళ్లు, ఆడది, పది కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాల పుస్తకం పక్కాగా ఉంది. దాని జుట్టు నాకు రెండున్నరేళ్లుగా తెలుసు, రాలదు. పిల్లల్లో పెరిగింది. వాళ్లు డబ్బు అడగడం లేదు, మంచి ఇల్లు అడుగుతున్నారు. జుట్టు ఎలా మారుతుందో, ఎంత పెరుగుతుందో అని ఊహించే పని లేదు. మీ అత్తమ్మ ఆ కుక్కతోనే కూర్చుని చూసుకోవచ్చు.

పశువైద్యుడు కోరుట్ల (మార్చి 4, మధ్యాహ్నం 1:00)
మీ ఇంటికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు. పదిహేను రోజులు ఉంచుకుని చూస్తామని ముందే మాట్లాడుకోండి. అత్తమ్మ ఇన్‌హేలర్ రోజుకు ఎన్నిసార్లు వాడుతున్నారో కాగితం మీద రాయండి. తీసుకున్న వెంటనే పిడుదుల జబ్బులకు రక్తపరీక్ష చేయించండి.

జగిత్యాల మాస్టారు (మార్చి 4, సాయంత్రం 6:30)
ఇల్లు మారుతున్న కుక్కకు ఇల్లు ఇస్తున్నారు. అమ్మా, మంచిపని. మొదటి వారం అది గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటుంది, పాతవాళ్ల కోసం. తినకపోతే కసరకండి. వాళ్ల ఇంట్లో అది పడుకున్న దుప్పటి ఉతకకుండా తెచ్చుకోండి.

రాంనగర్ కోడలు (ఏప్రిల్ 6, రాత్రి 8:50)
నెల అయింది, కత్తెరన్న చెప్పిన ఆ కాకపూ, బబ్లీ, మాతోనే ఉంది. మాస్టారూ, మీరన్నట్టే నాలుగు రోజులు గుమ్మం దగ్గరే కూర్చుంది. ఆ పాత దుప్పటి లేకపోతే ఏమయ్యేదో. ఐదోరోజు మా బాబు హోంవర్క్ చేస్తుంటే వచ్చి వాడి కాలి మీద గడ్డం ఆనించి పడుకుంది. వాడు కాలు తిమ్మిరెక్కినా కదపలేదు.

అత్తమ్మ కాగితం రాసింది. పదిహేను రోజుల్లో ఇన్‌హేలర్ ఎప్పటిలాగే, ఒక్కరోజు మాత్రం ఎక్కువ వాడింది, అది ఇంట్లో దుమ్ము దులిపిన రోజు. ఇప్పుడు దువ్వే పని నాది, రాత్రి తొమ్మిదింటికి, వరండాలో. అత్తమ్మ దూరంగా కుర్చీలో కూర్చుని "చెవి వెనుక చూశావా, చంకలో చూశావా" అని అడుగుతుంది. రక్తపరీక్ష బాగుంది.

కత్తెరన్నా, ఎడమ చెవి వెనుక చింతగింజంత ఉండ ఒకటి దొరికింది. దువ్వెన ఆగుతోంది. రేపు స్నానం చేయిద్దామనుకున్నాను, ఏం చేయమంటారు?

కాజీపేట కత్తెర (ఏప్రిల్ 6, రాత్రి 9:20)
నీళ్లు తగలనివ్వకండి. లాగకండి. ఉండను వేళ్లతో చిన్న చిన్న పాయలుగా విడదీసి, కొస నుంచి దువ్వుతూ చర్మం వైపు రండి, చర్మం దగ్గర జుట్టును రెండో చేత్తో పట్టుకుంటే నొప్పి తెలియదు. అయినా విడకపోతే కత్తెర పెట్టకండి, ఉండతోపాటు చెవి తోలు తెగుతుంది. రేపు సాయంత్రం ఐదింటికి తీసుకురండి, ఐదు నిమిషాల పని, డబ్బులొద్దు.